యాభై మైక్రాన్ల తగాదా

అరచేతిలో ఇమిడిపోయే రెండు అల్యూమినియం దిమ్మెలు. రెంటినీ కలిపి మూస్తే లోపల సన్నటి గూడు ఒకటి ఏర్పడుతుంది. పైన పక్కకి తిరిగే ఉక్కు పలక, ఆ పలకలో కరిగిన సీసం పోయడానికి గరాటులాంటి బెజ్జం. సీసం గట్టిపడ్డాక పలకని తడితే తోక తెగుతుంది, దిమ్మెలు విప్పితే ఎయిర్ రైఫిల్ గుండు కింద పడుతుంది. జంషెడ్‌పూర్‌లో కదమా దగ్గర, ఒక తెలుగువారింట్లో, ఈ వస్తువు మీద ఒక సాయంత్రమంతా వాదన నడిచింది. మావయ్య ఇక్కడి టూల్‌రూమ్‌లో డైలు చెక్కి రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబం. మేనకోడలు ఇదే ఊళ్లో వకీలు, కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో రైఫిల్ పట్టిన పిల్ల. పాత షాపు స్నేహితుడొకాయన ఆ అచ్చు తెచ్చి, గుండు సన్నంగా వస్తోంది, గూడు కాస్త పెద్దది చేసిపెట్టమని ఇచ్చి వెళ్లాడు. చేసిపెట్టాలా, తిప్పి పంపాలా? ఇద్దరూ నాకు కావలసినవాళ్లే కాబట్టి విన్నది విన్నట్టు రాస్తున్నాను. మధ్యమధ్య నా నోరు కూడా ఊరుకోదు.

మేనకోడలు: ముందు దాన్ని బల్ల మీంచి తీసెయ్ మావయ్యా. అత్తయ్య కూరలు తరిగే చోటది.

మావయ్య: ఖాళీ అచ్చమ్మా. సీసం చుక్క లేదు. ఆ మైక్రోమీటరు ఇలా అందుకో. ఇదిగో, వాడు పోసిన గుండు. ఎంతుందో నువ్వే చదువు.

మేనకోడలు: అయిదు పాయింట్ నాలుగు ఎనిమిది.

మావయ్య: వాడికి కావలసింది 5.53. తేడా యాభై మైక్రాన్లు. మన తలవెంట్రుక అంత మందం కూడా లేదు. దానికి ఇంత రభస ఏటి?

మేనకోడలు: వెంట్రుక మందం కూడా లేనిదానికి ఆయన నీ దాకా ఎందుకొచ్చాడు?

మావయ్య: అలా అడుగు, చెప్తాను. మామూలు ఎయిర్‌గన్ పెల్లెట్ నువ్వు చూసిందే. నడుం సన్నం, వెనక గుల్లగా పావడా. గాలి వెనక నుంచి కొట్టగానే ఆ పావడా విచ్చుకుని బ్యారెల్ గోడని కరుచుకుంటుంది. పదో పాతికో మైక్రాన్లు అటూ ఇటూ ఉన్నా అదే సర్దుకుంటుంది. ఈ స్లగ్ అలాటిది కాదు. నిండు గుండు. నడుం లేదు, పావడా లేదు. సన్నమైతే గాలి పక్క నుంచి జారిపోతుంది, బ్యారెల్ గాడులు దాన్ని పట్టవు, తిన్నగా తిరగదు. లావైతే దారిలోనే బిగుస్తుంది. సరిపోవాలి, అంతే.

మేనకోడలు: మరి అచ్చు చేసినవాడికి ఆ కొలత తెలీదా?

మావయ్య: తెలుసు. కానీ సీసం మాట వినదు. 327 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది, అక్కడ నుంచి గది వేడికి దిగేలోపు ముడుచుకుంటుంది. డిగ్రీకి మీటరుకి 29 మైక్రాన్లు. మూడొందల డిగ్రీలు దిగితే అయిదున్నర మిల్లీమీటర్ల గుండు ఎంత తగ్గుతుందో లెక్క కట్టు.

మేనకోడలు: ...సుమారు యాభై మైక్రాన్లు.

మావయ్య: అదీ! కాకపోతే అచ్చు కూడా వేడెక్కి పెరుగుతుంది గనక లెక్క అంత తిన్నగా రాదు. పైగా సీసంలో తగరం, యాంటిమొనీ కలిస్తే గుండు తక్కువ ముడుచుకుంటుంది. అదే అచ్చులో గట్టి సీసం పోస్తే లావు గుండు, మెత్తటి సీసం పోస్తే సన్న గుండు. ఎయిర్ రైఫిల్‌కి మెత్తటిదే కావాలి, గాలి ఒత్తిడి ఎంతని? అచ్చు చేసినవాడు ఏ సీసం లెక్కేసుకున్నాడో, వీడు ఏ సీసం పోశాడో.

(మావయ్య గొంతులో ఆ హుషారు ఇంటి సంగతులు మాట్లాడేటప్పుడు రాదు. ఇది జంషెడ్‌పూర్ జబ్బు. సాక్చీ అనే పల్లె పక్కన 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె పోసినప్పటి నుంచి ఈ ఊళ్లో కొలతే కులం. ఎవరు ఎన్ని మైక్రాన్లలో పని చేస్తారన్నదాన్ని బట్టి మర్యాద.)

మేనకోడలు: సీసం ఎక్కడిదట?

మావయ్య: ఎక్కడిదేటి, కబాడీ దుకాణంలోది. టైర్లకి కొట్టే తూకం ముక్కలు, పాత బ్యాటరీ పలకలు.

మేనకోడలు: బ్యాటరీ పలకలు కుంపటి మీద కరిగిస్తున్నాడా? ఇంట్లోనా?

మావయ్య: వెనక వరండాలో. నువ్వు పొగ గురించి భయపడుతున్నావు. సీసం మరిగేది 1749 డిగ్రీల దగ్గర. కరిగేది 327కి. నాలుగొందల్లో పనిచేసేవాడికి సీసం ఆవిరి ఎంత లేస్తుంది? నేను నలభై ఏళ్లు బేరింగు మెటల్ పోశాను. నాకేమైంది?

మేనకోడలు: నీకేమైందో నువ్వు ఎప్పుడైనా రక్తపరీక్ష చేయించావా? ఆవిరి గురించి కాదు నా గొడవ. కరిగిన సీసం మీద తేలే బూడిద రంగు తెట్టు గురించి. గరిటెతో తీసి పక్కన పోస్తారు, ఎండితే పొడి. చేతికంటుతుంది, చెప్పుకంటుతుంది, నేల మీద దోగాడే మనవడి నోట్లోకి పోతుంది. ఒంట్లో ఇంత సీసం ఉన్నా పర్వాలేదు అనే గీత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు పిల్లల ఒంటికి పడుతుంది. బ్యాటరీ పలకల్లో సీసం ఒక్కటే కాదు, యాంటిమొనీ, ఆర్సెనిక్ కూడా ఉంటాయి. పాత బ్యాటరీని ఎక్కడ ఎవరు కరిగించాలో చెప్పడానికి 2001లోనే ఒక రూలు, 2022లో మళ్లీ ఇంకో రూలు తెచ్చారంటే ఊరికేనా?

మావయ్య: బ్యాటరీ పలకల సంగతి ఒప్పుకుంటాను. అది తప్పు పనే. షాపులో ఎవడైనా తెస్తే నేనే తరిమేవాణ్ని.

మేనకోడలు: షాపులో తరిమేది వరండాలో ఎలా పనికొచ్చింది?

ఈ ప్రశ్నకి మావయ్య జవాబు చెప్పలేదు. టీ చల్లారిందని అత్తయ్యని కేకేశాడు. సీసం గురించిన ఈ ముక్కలో నేను పూర్తిగా పిల్ల పక్షమే. విశాఖలో జింక్ ఫ్యాక్టరీ ప్రాంతం ఎరిగినవాళ్లకీ, ధన్‌బాద్ దగ్గర టుండూలో సీసం కరిగించిన రోజులు ఎరిగినవాళ్లకీ తెలుసు: ఆ లోహానికి చిమ్నీ, ఫిల్టరు, స్నానాల గది, డాక్టరు అన్నీ కావాలి. కుంపటి చాలదు. సరే, టీ వచ్చింది. మావయ్య ఈసారి దారి మార్చాడు.

మావయ్య: ఇంతకీ నీకు కోపం సీసం మీదా, తుపాకీ మీదా?

మేనకోడలు: నాకు తుపాకీ మీద కోపమేంటి? గురి కుదిరినప్పటి ఆనందం నాకు తెలుసు.

మావయ్య: మరి? అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో బంగారం కొట్టాడు. మన హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు తెచ్చాడు. ఇద్దరిదీ పది మీటర్ల ఎయిర్ రైఫిలే. మంచి పెల్లెట్లు కావాలంటే ఇప్పటికీ జర్మనీ డబ్బానో, చెక్ దేశం డబ్బానో కొనాలి. ఉక్కు పోసిన ఊళ్లో చిటికెడు సీసం పోసుకోడానికి చేతకాని వాళ్లమా?

మేనకోడలు: ఆ పోటీలో పది పాయింట్ల చుక్క ఎంతుంటుందో తెలుసా? అర మిల్లీమీటరు. దాన్ని కొట్టేవాళ్లు డబ్బా మీద తల కొలత చూసి కొంటారు, 4.49 ఒకటి, 4.50 ఒకటి. ఒకే డైలో, ఒకే రోజు అచ్చొత్తిన పెల్లెట్లు ఏరుకుని, తమ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో పరీక్షించుకుని వాడతారు. అది పోత కాదు మావయ్యా, చల్లటి సీసాన్ని డైలో నొక్కి చేసే పని. పైగా ఆ పోటీల్లో నీ నిండు గుండు ఎవరూ వాడరు. వాడేది పావడా పెల్లెట్టే. కాబట్టి బింద్రాని ఈ అచ్చులోకి లాగకు.

మావయ్య: లాగను. పోనీ గిరార్డోనిని లాగుతాను. ఆస్ట్రియా సైన్యానికి 1780 ప్రాంతంలో గాలి తుపాకీ చేసిచ్చినవాడు. మందు లేదు, పొగ లేదు, చప్పుడు తక్కువ. తుపాకీతో పాటు సిపాయికి సీసం గుండు పోసుకునే అచ్చు కూడా ఇచ్చేవారు. అమెరికాని అడ్డంగా దాటిన లూయిస్, క్లార్క్ దండు వెంట కూడా ఒక గాలి తుపాకీ వెళ్లింది. తుపాకీ ఉన్నవాడు గుండు తనే పోసుకోవడం రెండొందల ఏళ్లనాటి మర్యాద.

మేనకోడలు: సిపాయికి అచ్చు ఇచ్చింది ఎవరు? సర్కారు. నీ స్నేహితుడికి ఎవరిచ్చారు?

మావయ్య: అన్నిటికీ సర్కారేనా? యుద్ధం రోజుల్లో ఈ ఊళ్లోనే కవచం రేకులు చేశారు. ఆ రేకులు తొడిగిన బండికి 'టాటానగర్' అనే పేరు పెట్టుకున్నారు. ఆ రేకులు పోసింది మన తాతల్లాటి వాళ్లే. యుద్ధసామగ్రి చెయ్యడం మనకేం కొత్త కాదు.

మేనకోడలు: చేశారు, ఆర్డరు మీద, ముద్ర మీద, లెక్క మీద. ప్రతి రేకుకీ పరీక్ష. నువ్వు పక్క బిహార్‌లో ముంగేర్ చూడు. మొన్న 2000 నవంబరు దాకా మనదీ వాళ్లదీ ఒకటే రాష్ట్రం. నవాబు మీర్ కాసిం పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ తుపాకుల కార్ఖానా పెట్టించాడు. ఆ పనితనం తరతరాలకీ దిగింది. లైసెన్సున్న తుపాకీ కార్ఖానాలూ అక్కడే, దేశమంతా పట్టుబడే దొంగ పిస్తోళ్లూ అక్కడివే. అదే చెయ్యి, అదే లేతు, అదే ఆకురాయి. కార్ఖానాలో గేటు దగ్గర రిజిస్టరు ఉంటుంది, పక్క సందులో ఉండదు. తేడా అంతే.

మావయ్య: (లేచి నిలబడి) నన్ను ముంగేర్ దొంగ పిస్తోళ్ల మిస్త్రీతో పోలుస్తావా? ఈ చేతులతో నేను...

మేనకోడలు: కూర్చో మావయ్యా. నీ చేతుల గురించి నాకు చెప్పాలా? ఆ మిస్త్రీ చేతులు కూడా మంచివే అంటున్నాను. అదే నా బాధ.

ఈ మాట మావయ్యకి గట్టిగా తగిలింది. నాకూ తగిలింది. పనితనాన్ని చూసి మురిసిపోయే మనం, పని ఎవరి కోసమో అడగడం మోటుతనం అనుకుంటాం. డాక్టరు రోగిని అడుగుతాడు, వకీలు కక్షిదారుని అడుగుతాడు. ఫిట్టరు మాత్రం డ్రాయింగు చూసి కొలత ఒక్కటే అడుగుతాడు.

మేనకోడలు: ఇందాక గుండు కొలత ఎంత చదివాను?

మావయ్య: 5.48.

మేనకోడలు: అంటే .22 బోరు. జాతరలో బెలూన్లు కొట్టే తుపాకీ .177, నాలుగున్నర మిల్లీమీటర్లు. 2016 ఆయుధాల నియమాల్లో గీత గీసింది అక్కడే. బోరు 4.5కి మించినా, గుండు శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు కావాలి. ఒక గ్రాము గుండు సెకనుకి రెండొందల మీటర్ల వేగంతో పోతే సరిగ్గా 20 జౌళ్లు. మీవాడి గుండు బరువెంత?

మావయ్య: గ్రామున్నర ఉంటుంది.

మేనకోడలు: అదే వేగంతో పోతే 30. శక్తి సంగతి వదిలెయ్, బోరు దగ్గరే గీత దాటేసింది. ఆయనకి లైసెన్సు ఉందా?

మావయ్య: ...అడగలేదమ్మా.

మేనకోడలు: ఉందే అనుకుందాం. అప్పుడూ చిక్కే. 1959 ఆర్మ్స్ యాక్టులో తుపాకీ అంటే మందుతో పేలేదే కాదు, ఇతర శక్తితో గుండు విసిరేది కూడా. ఆ తుపాకీకి వాడేది అమ్యూనిషన్. అమ్యూనిషన్ నిర్వచనంలోనే దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా కలిసి ఉన్నాయి. తయారీకి లైసెన్సు కావాలని అయిదో సెక్షను.

మావయ్య: ఈ రెండు దిమ్మెలు యంత్రమా?

మేనకోడలు: మంచి ప్రశ్న. ఆ ప్రశ్న జడ్జిగారి ముందు అడగడానికే జనం వకీళ్లకి ఫీజులిస్తారు. నువ్వు నాకు ఇవ్వవు, నేను తీసుకోను. అందుకే ఇంట్లోనే అడుగుతున్నాను: డెబ్బై దాటాక ఆ బోనులో నిలబడి అచ్చు యంత్రమా కాదా అని వాదించుకోవాలని ఉందా?

మావయ్య: వాడు చెడ్డవాడు కాదమ్మా. డబ్బాలు పెట్టి కొట్టుకుంటాడు, అంతే.

మేనకోడలు: కావచ్చు. డబ్బాకి తొమ్మిది వందల రూపాయల పావడా పెల్లెట్టు చాలదా? నిండు గుండు కోరుకునేది దూరం కోసం, దెబ్బ కోసం. దళ్మా కొండ అవతల కనిపిస్తూనే ఉంది. అడవి పందో, నెమలో అంటే 1972 వన్యప్రాణి చట్టం. ఏటా సెంద్రా పండక్కి కొండెక్కే ఆదివాసుల్నే వేట వద్దు, ఆచారం వరకే చాలించండని అటవీశాఖ బతిమాలుతుంది. విల్లంబులున్న వాళ్లని ఆపి, స్లగ్గులున్న మీవాణ్ని వదిలేస్తారా?

మావయ్య: తొమ్మిది వందలు అని నోటికొచ్చిన ధర చెప్పకు.

మేనకోడలు: సరే, ధర నాకు తెలీదు. మిగతాది తెలుసు.

(ఇక్కడ ఇద్దరూ నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది.)

మావయ్య: ఇప్పుడు నా మాట విను. చట్టం నువ్వు చెప్పావు, పని నేను చెప్తాను. నిజానికి ఈ పని నాకు మొదట్నుంచీ నచ్చలేదు.

మేనకోడలు: ఏంటీ? ఇంతసేపు వాదించి!

మావయ్య: వాదించింది నువ్వు చెయ్యొద్దన్నావని. ఇటు చూడు. గూడు పెద్దది చెయ్యాలంటే మామూలుగా ల్యాపింగ్ చేస్తారు. అదే గూట్లో పోసిన సీసం ముక్కకి రాపిడి పేస్టు రాసి, లోపల తిప్పుతారు. మెత్తటి దాంట్లో గరుకు ఇరుక్కుంటుంది, గట్టి దాన్ని కోస్తుంది. అక్కడిదాకా బాగుంది. కానీ ఈ అచ్చు ఒక గొట్టం కాదు, రెండు సగాలు. ఆ సగాలు కలిసే అంచు కత్తిలా ఉండాలి. రాపిడి ముందుగా తినేది ఆ అంచునే. అంచు గుండ్రపడితే పోసిన ప్రతి గుండుకీ రెండు పక్కలా రెక్క లేస్తుంది. గూడు నోటి దగ్గర గరాటులా విచ్చుకుంటుంది, గుండు ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. గుండు మీద ఈ సన్నటి గాడులున్నాయే, అవి అరిగి మొద్దుబారతాయి. యాభై మైక్రాన్లు సమంగా, గుండ్రంగా, పైనుంచి కిందదాకా తియ్యడం పేస్టుతో అయ్యే పని కాదు. లేతు మీద నాలుగు దవడల చక్కులో కట్టి, రెండు సగాలూ కలిపి బోరు చెయ్యాలి. మధ్యరేఖ పది మైక్రాన్లు తప్పిందా, అచ్చు చెత్తబుట్టకే.

మేనకోడలు: మరి ఇలాటి పని వస్తే మీ షాపులో ఏం చేసేవారు?

మావయ్య: అచ్చుని ముట్టుకునేవాళ్లం కాదు. లావుగా పోసే అచ్చు తీసుకుని, వచ్చిన గుండుని కొలత రింగులోంచి నెట్టి సన్నం చేసుకోవడమే తెలివైన పని. సీసం నొక్కితే తగ్గుతుంది. కానీ గూట్లో కోసేసిన లోహాన్ని ఎవడూ వెనక్కి అతకలేడు. ఈ మాట అప్రెంటిస్‌కి మొదటి వారంలో చెప్తాం.

మేనకోడలు: అది ఆయనకి చెప్పలేదేం?

మావయ్య: వాడు నన్ను అడిగింది అది కాదు. నీ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ దీనికి పనికిరాదన్నాడు. ఆ మాట విని ఎన్నాళ్లయిందో.

ఈ తగాదాకి అసలు మూలం ఇక్కడ బయటపడింది. టూల్‌రూములు ఇప్పుడు కంప్యూటరు మెషీన్లవి. వైర్‌కట్ మెషీను మైక్రాన్లని నిద్రలో కోస్తుంది. ఊరి బయట ఇండో డేనిష్ టూల్ రూమ్‌లో కుర్రాళ్లు తెర మీద బొమ్మ గీసి బటన్ నొక్కుతున్నారు. చేత్తో ల్యాప్ చేసే మనిషి దగ్గరికి ఎవరో ఒక అచ్చు పట్టుకొచ్చారంటే, అందులో ఏం పోస్తారన్న ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది. మావయ్యని నేను తప్పుపట్టలేను. కానీ పిల్ల అడిగిన 'లైసెన్సు ఉందా?' అన్న మూడు సెకన్ల ప్రశ్న ఆయన అడిగుంటే, సాయంత్రం మాకు మిగిలేది. స్నేహితుడు నొచ్చుకునేవాడేమో, అంతకంటే ఏం పోయేది?

మేనకోడలు: చేతికి పని కావాలంటే చెప్పు. కోర్టు దగ్గర టైపు మిషన్ల వాళ్లు ఉన్నారు, విడిభాగాలు దొరక్క అల్లాడుతున్నారు.

మావయ్య: టైపు మిషనా! ఆ లివర్లలో మైక్రాన్లేం ఉంటాయే?

మేనకోడలు: చూసి చెప్పు.

అచ్చు మర్నాడే స్నేహితుడి ఇంటికి తిరిగి వెళ్లింది, గూడు ముట్టుకోకుండా. బోరు ఎంత, లైసెన్సు ఏది అని మావయ్య అడిగాడట. ఆయన మాట మార్చాడట. మాట మార్చడమే జవాబు అని నా తీర్పు.

చదివేవారిలో ఎవరింట్లోనైనా ఎయిర్ రైఫిల్ ఉంటే ఒక్క పని చెయ్యండి. కొన్ననాటి బిల్లు, దాంతో వచ్చిన కాగితం తీసి బోరు 4.5 మిల్లీమీటర్లకి మించిందేమో, శక్తి 20 జౌళ్లు దాటిందేమో చూసుకోండి. ఏ ఒక్కటి దాటినా అది లైసెన్సు లేకుండా ఇంట్లో ఉండకూడని ఆయుధం. సీసం మాత్రం ఏ బోరుకైనా సరే, ఇంట్లో కరిగించకండి.